ఛాసిస్ నంబరు లేని ఆకాశం

యుద్ధకాలపు ఆకాశంలో అంతుచిక్కని వస్తువులు తిరిగాయని చూపే పాత చలనచిత్రాల నిజానిజాలు తేల్చవలసి వచ్చినప్పుడు మొదట పిలవవలసినవారు వింటేజ్ కార్ల ప్రియులు. ఈ మాట వింతగా తోచవచ్చు గానీ, ఒక పాత వస్తువును ప్రాణంగా ప్రేమిస్తూనే దాని పుట్టుపూర్వోత్తరాలను కూలంకషంగా విచారించే అలవాటు వారిలో ఉన్నంత బలంగా మరెక్కడా కనిపించదు. ఎనభై ఏళ్ల కిందటి కారు అమ్మకానికి వచ్చిందంటే, దాని సొగసుకు మురిసిపోయిన మనిషే మరుక్షణంలో బోనెట్ ఎత్తించి, బండి బరువంతా మోసే ఉక్కు చట్రం మీద కర్మాగారం వారు కొట్టిన ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును చదివి, అవి తయారీ సంస్థ రికార్డులతోనూ పాత ఆర్‌సీ పుస్తకంతోనూ కలుస్తున్నాయో లేదో చూస్తాడు. నంబర్లు కలిస్తే కారు విలువ పెరుగుతుంది, కలవకపోతే దాని కథ ఎంత అందమైనదైనా కథగానే మిగిలిపోతుంది. గుర్తించలేని ఎగిరే వస్తువులుగా, అంటే యూఎఫ్‌ఓలుగా ప్రచారమయ్యే దృశ్యాలను ఇంత శ్రద్ధతో పరీక్షించేవారు తక్కువ.

ఇందుకు 1942 ఫిబ్రవరి నాటి లాస్ ఏంజెలిస్ ఘటనను మించిన ఉదాహరణ లేదు. పెరల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆ నెల 23న జపాన్ జలాంతర్గామి ఒకటి కాలిఫోర్నియా తీరానికి వచ్చి, శాంటా బార్బరా సమీపంలోని ఎల్‌వుడ్ చమురు క్షేత్రం మీద గుళ్లు కురిపించి వెళ్లిపోయింది. మరునాటి రాత్రి, అంటే 25 తెల్లవారుజామున, రాడార్‌లో ఏదో కనిపించిందన్న సమాచారంతో నగరమంతటా దీపాలు ఆర్పించారు. మూడు గంటలు దాటాక, శాంటా మోనికా మీదుగా ఎర్రని మంటతో ఒక బెలూను పోతున్నదన్న వార్త అందగానే విమాన విధ్వంసక ఫిరంగులు మోగడం మొదలై, దాదాపు గంటసేపు 1,400కు పైగా గుళ్లు ఆకాశంలో పేలాయి. ఒక్క బాంబు పడలేదు, ఒక్క విమానం కూలలేదు; ఇళ్ల మీద పడిన ముక్కలన్నీ సొంత ఫిరంగులవే. ఆ రాత్రి అయిదుగురు మరణించారని పత్రికలు రాశాయి: గుండె ఆగి ఇద్దరు, దీపాలు లేని వీధుల్లో కార్లు ఢీకొని ముగ్గురు. ఎగిరే వస్తువుల చర్చలో ఈ అయిదుగురి ప్రస్తావన సాధారణంగా రాకపోవడం బాధ కలిగించే విషయం.

నౌకాదళ కార్యదర్శి ఫ్రాంక్ నాక్స్ దీన్ని ఉత్తుత్తి హెచ్చరిక అన్నారు. యుద్ధ కార్యదర్శి హెన్రీ స్టిమ్సన్ మాత్రం పదిహేను విమానాల దాకా వచ్చి ఉండవచ్చన్నారు. తమ విమానాలేవీ అక్కడికి వెళ్లలేదని యుద్ధం ముగిశాక జపాన్ చెప్పింది. 1983లో అమెరికా వైమానిక దళ చరిత్ర విభాగం ఘటనను తిరిగి పరిశీలించి, యుద్ధభయంతో ఉద్రిక్తమైన మనసులకు వాతావరణ పరిశీలన బెలూన్లు శత్రువుల్లా కనిపించి ఉంటాయని భావించింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆనాడు అక్కడివారు భయపడింది జపాన్ విమానాల గురించే తప్ప అన్యగ్రహవాసుల గురించి కాదు. పైలట్ కెనెత్ ఆర్నాల్డ్ చెప్పిన వింత దృశ్యం 1947 జూన్‌లో పత్రికలకెక్కి ఎగిరే పళ్లాల ప్రచారం మొదలయ్యాకనే, 1942 నాటి రాత్రికి ఆ అర్థాన్ని తగిలించే వీలు కలిగింది.

ఆ అర్థానికి ఊతమిచ్చింది ఒక ఛాయాచిత్రం. ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలిస్ టైమ్స్ ప్రచురించిన ఆ చిత్రంలో సెర్చ్‌లైట్ల కిరణాలన్నీ ఒకచోట కలుసుకుంటాయి, కలిసిన చోట కోడిగుడ్డు ఆకారంలో తెల్లని వెలుగు కనిపిస్తుంది. అయితే అది యథాతథంగా అచ్చయిన చిత్రం కాదు. ముతక కాగితం మీద వివరాలు తేలవు కాబట్టి, ముద్రణకు ముందు ఫోటో ప్రతి మీద కుంచెతో తెల్లరంగు వేసి వెలుగులను స్ఫుటం చేయడం ఆ కాలపు పత్రికల్లో మామూలు పని. దీన్నే రీటచింగ్ అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ ప్రాంగణంలో భద్రపరచిన పత్రిక సేకరణలోని అసలు నెగటివును 2011లో బయటికి తీసి చూస్తే, అందులో కిరణాలు పలచగా, పొగలో చెదిరిపోయినట్లుగా ఉన్నాయి. పేలిన గుళ్ల పొగ మీద పడిన కాంతి చాలు, అలాంటి తెల్లని మచ్చ ఏర్పడటానికి. ఈ నిశ్చల చిత్రాన్నే కెమెరాతో అటూ ఇటూ కదిలించి, సైరన్ మోతను జోడించి, యుద్ధకాలపు చలనచిత్రంగా చూపడం తరువాతి కాలంలో సాగిన పని. అది మోసం కంటే అజాగ్రత్తే కావచ్చు గానీ, ఫలితం ఒకటే.

నిజంగా ఒక పాత రీలే దొరికిందనుకుంటే దాని వయసు తేల్చే మార్గాలున్నాయి. కొడాక్ సంస్థ తన ఫిల్మ్ అంచున చతురస్రం, వృత్తం, త్రిభుజం వంటి చిన్న గుర్తులను ముద్రించేది; వాటిని బట్టి ఫిల్మ్ తయారైన సంవత్సరం తెలుస్తుంది. కారుకు ఛాసిస్ నంబరు ఎలాంటిదో ఫిల్మ్‌కు ఈ అంచు గుర్తు అలాంటిది. అయితే ఆ గుర్తులు ఇరవై ఏళ్లకొకసారి తిరిగి వచ్చేవి కాబట్టి, 1942 నాటి గుర్తే 1962లోనూ కనిపిస్తుంది. సినిమాహాళ్లకు వెళ్లే 35 మిల్లీమీటర్ల రీలు అయితే, త్వరగా అంటుకునే నైట్రేట్ ఫిల్మ్ వాడకం 1950ల తొలినాళ్లలో ఆగిపోయింది కాబట్టి ఆ రెండింటినీ వేరుచేయవచ్చు. ఇళ్లలో తీసుకునే చిన్న ఫిల్మ్‌కు ఆ సదుపాయం లేదు, అది మొదటినుంచీ మంటకు తట్టుకునే రకమే. అక్కడే దృశ్యంలోని వీధి, ఆ వీధిలో నిలిపిన కార్లు సాక్ష్యానికి వస్తాయి.

అమెరికా కార్ల చరిత్రలో యుద్ధం గీసిన గీత చాలా స్పష్టమైనది. సాధారణ పౌరుల కోసం ఫోర్డ్ తయారుచేసిన చివరి కారు 1942 ఫిబ్రవరి 10న బయటికి వచ్చింది. ఆ నెలలోనే దేశమంతటా ఆ ఉత్పత్తి నిలిచిపోయి, కర్మాగారాలు విమానాలకూ ట్యాంకులకూ మళ్లాయి. క్రోమియం, నికెల్ సైన్యానికి కావాలి కనుక 1942 తొలి వారాల్లో వచ్చిన కార్లకు బంపర్లు తప్ప మిగతా అలంకారాలన్నీ మెరుపు లేకుండా రంగు పూసుకుని వచ్చాయి, వీటి మీద కార్ల ప్రియులకు ప్రత్యేకమైన ఆపేక్ష ఉంది. తిరిగి ఫోర్డ్ కారు తయారైంది 1945 జూలైలో. యుద్ధానంతర 1946 మోడల్ చాలావరకు 1942 నాటి శరీరమే గానీ, ముందుభాగంలోని జాలీ కడ్డీలు పాతదానిలో నిలువుగా, కొత్తదానిలో అడ్డంగా ఉంటాయి. కాబట్టి 1942 నాటిదని చెప్పే దృశ్యంలో అడ్డకడ్డీల ఫోర్డ్ కనిపించినా, 1948లో కాడిలాక్ మొదలుపెట్టిన తోకరెక్కలు వెనుకభాగాన కనిపించినా, ఆకాశంలో ఏముందన్న విచారణ అక్కడితో ముగిసినట్లే.

కారు సాక్ష్యానికీ హద్దు ఉంది. దృశ్యం ఫలానా సంవత్సరానికి ముందుది కాదని కారు చెప్పగలదు గానీ, తరువాతది కాదని చెప్పలేదు. పాత కార్లను ప్రేమగా కాపాడుకునేవారు ఉన్నంతకాలం అవి తరువాతి చిత్రాల్లోనూ తిరుగుతూనే ఉంటాయి. 1979లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘1941’ సినిమా ఈ లాస్ ఏంజెలిస్ భయాన్ని ఆధారం చేసుకున్నదే, అందులోనూ ఆ కాలపు కార్లు ఉంటాయి. ఇంకా సూక్ష్మంగా చూడవలసింది అద్దం మీది చీటీని. యుద్ధకాలంలో ఒక్కో కారుకు ఎంత పెట్రోలు దక్కుతుందో చెప్పే ఏ, బీ, సీ అక్షరాల చీటీలు అంటించేవారు, వింటేజ్ ప్రదర్శనల్లో నాటి వాతావరణం కోసం ఇప్పటికీ వాటిని అంటిస్తారు. కానీ ఆ రేషన్ పడమటి తీరానికి చేరింది 1942 డిసెంబరులో. ఫిబ్రవరి నాటి లాస్ ఏంజెలిస్ వీధిలో అలాంటి చీటీ ఉన్న కారు కనిపిస్తే, అది యుద్ధకాలం కాదు, యుద్ధకాలం పట్ల తరువాతివారి అభిమానం.

ఆ ఘటనకు నలభై రోజుల తరువాత, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు నిజంగానే విశాఖపట్నం, కాకినాడల మీదికి వచ్చి బాంబులు వేశాయి. ఈ దాడిని నమ్మడానికి ఎవరూ మసక చిత్రాలను పెద్దవిచేసి చూడవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే దాడి చేసినవారి నౌకాదళ చరిత్రా దెబ్బతిన్నవారి రికార్డులూ ఒకే తేదీని, ఒకే స్థలాలను చెబుతాయి. ఆనాటి బాంబు తొడుగు విశాఖ మ్యూజియంలో ఉంది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కలవడం అంటే ఇదే. 1944 శీతాకాలంలో రైన్ నది మీదుగా ఎగిరిన అమెరికా 415వ రాత్రి యుద్ధ స్క్వాడ్రన్ సిబ్బంది తమ వెంట నిప్పుబంతులు వచ్చాయని చెప్పిన మాటలను కూడా ఇలాగే చూడాలి. వారి నివేదికలు నిజాయితీగా రాసినవే, ఆ వెలుగులేమిటో నిశ్చయంగా తేలనూ లేదు. ఆ నివేదికలకు జతగా చూపే ఫోటోలు, ఫిల్ములు మాత్రం ఎవరు, ఎక్కడ, ఏ విమానం నుంచి తీశారో చెప్పవు.

కార్ల లోకంలోనూ నిరాధారమైన కథలు లేకపోలేదు. రోల్స్ రాయిస్ అమ్మకందారు అవమానించాడని కొన్న కార్లన్నిటినీ చెత్త ఎత్తడానికి వాడిన రాజు కథ తెలుగువారందరికీ పరిచయమే. చెప్పేవారిని బట్టి ఆ రాజు అల్వార్ మహారాజు అవుతాడు, హైదరాబాద్ నిజాం అవుతాడు. చక్రాల ముందు చీపుళ్లు కట్టిన కారు ఫోటో ఒకటి దానికి రుజువుగా తిరుగుతుంటుంది. చక్రాలకు ఎదురుగా మాత్రమే ఉన్న చీపురు టైరుకు మేకు గుచ్చుకోకుండా కాపాడగలదే గానీ వీధి ఊడ్చలేదని నిదానంగా చూసినవారికి తెలుస్తుంది. ఆ కథ రాజు పేరు మార్చుకుంటూ వచ్చింది గానీ ఏ ఒక్క కారు ఛాసిస్ నంబరునూ చెప్పలేదు.

మన దేశంలో 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేసి, వీఏ అక్షరాలున్న నంబరు ఇవ్వడానికి నిబంధనలున్నాయి. పాత కాగితాలు చూపందే ఆ నంబరు రాదు. ఇళ్లలోని పాత రీళ్లను డిజిటల్‌గా మారుస్తున్న ఈ రోజుల్లో ఫిల్మ్‌కూ అంత గౌరవం దక్కాలి. అంచు గుర్తులు కత్తిరించకుండా ఫిల్మ్ మొత్తం వెడల్పును స్కాన్ చేయించడం, డబ్బా మీది రాతను ఫోటో తీయడం, పని పూర్తయ్యాక కూడా అసలు రీలును పారేయకుండా దాచడం ఖర్చుతో కూడినవే అయినా చేయదగినవి. ఆకాశంలో వెలుగు ఉన్న ముక్కను మాత్రమే కోసి పంచేవారు, దానికి ముందున్న వీధి దృశ్యాన్నీ అందులో నిలిపి ఉన్న కార్లనూ తప్పకుండా జతచేయాలి, ఎందుకంటే ఆ వెలుగు ఏనాటిదో చెప్పగల ఆధారం చాలాసార్లు అక్కడే ఉంటుంది.