పేగు ఆపరేషన్ తర్వాత విరేచనాలా? మాత్ర వేసి కట్టేయవద్దు

చౌటుప్పల్, చిట్యాల నుంచి విజయవాడ రోడ్డు మీదుగానూ, మాల్, దేవరకొండ నుంచి సాగర్ రోడ్డు మీదుగానూ పట్నం పోయే రోగికి ముందు తగిలేవి ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్ ఆస్పత్రులే. ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి వచ్చినా, పేగు మెలిపడినా మనవాళ్ళు అక్కడే ఆపరేషన్ చేయించుకుని వస్తున్నారు. కుట్లు మానితే గండం గడిచినట్లే అనుకుంటున్నారు. వారం పది రోజులకు నీళ్ళ విరేచనాలు మొదలైతే వేడి చేసిందనో, పట్నం నీళ్ళు పడలేదనో సరిపెట్టుకుంటున్నారు. ఊళ్ళో విరేచనాలు కట్టే మాత్ర ఒకటి, మరో యాంటీబయాటిక్ ఒకటి మింగుతున్నారు. ఆ రెండూ ప్రమాదం తెచ్చేవే.

మన పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ వుంటాయి. ఆపరేషన్‌కు ముందూ వెనకా ఇచ్చే యాంటీబయాటిక్ చెడ్డవాటితోపాటు వీటినీ చంపుతుంది. మందు కొట్టిన చేలో మొండి కలుపు ఒక్కటే బతికి పెరిగినట్లు, సి. డిఫిసిల్ అనే క్రిమి అప్పుడు పేగంతా ఆక్రమించి విషం కక్కుతుంది. 1935లోనే దీన్ని పసిపిల్లల మలంలో కనుగొన్నారు. యాంటీబయాటిక్ వాడిన వారి విరేచనాలకు కారణం ఇదేనని తేలింది మాత్రం 1978లో. ఇది గింజ లాంటి రూపంలో మంచం కమ్మీల మీద, మరుగుదొడ్డి గడియ మీద నెలల తరబడి వుండిపోతుంది. చేతికి రాసుకునే శానిటైజర్‌కు చావదు. సబ్బు రాసి నీళ్ళ కింద కడిగితేనే పోతుంది. గదిని బ్లీచింగ్‌తో శుభ్రం చేయాలి.

ఇక్కడే ఆస్పత్రులను అడగవలసి వుంది. అద్దాల గోడలు, లిఫ్టులు వుంటాయి. కాని రోగి బంధువులు వాడే మరుగుదొడ్డిలో కొన్నిచోట్ల సబ్బు ముక్క వుండదు. మలం గిన్నె ఎత్తిన ఇల్లాలే ఆ చేత్తో అన్నం కలిపి పెట్టాలి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితమా, అంతా ఇంగ్లీషు. ‘విరేచనాలయితే వెంటనే రండి’ అని తెలుగులో ఒక్క ముక్క రాస్తే వీరి సొమ్మేం పోతుంది? 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. అది వేరే ఇన్ఫెక్షనే అయినా, ఆపరేషన్ గదిలో అజాగ్రత్త ఎంత పని చేస్తుందో ఆనాడే చూశాం. తనిఖీకి వచ్చే వైద్యాధికారులు రిజిస్టర్లతోపాటు కుళాయి దగ్గర సబ్బు వుందో లేదో కూడా చూడాలి.

రోజుకు మూడుసార్లు మించి నీళ్ళలా అయినా, జ్వరం, కడుపుబ్బరం తోడైనా ఆపరేషన్ చేసిన డాక్టరు వద్దకే పోవాలి. ఇంటికి వచ్చి నెల దాటినా సరే ఇది రావచ్చు. ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు ఇచ్చారో ఆ కాగితాలన్నీ తీసుకుపోవాలి. దారిలో ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగిస్తూ వుండాలి. మలంలో ఆ విషం వుందేమో పరీక్ష చేయమని అడగాలి. వుంటే వాంకోమైసిన్ వంటి మందు నోటి ద్వారా ఇస్తారు. అదే వాంకోమైసిన్ నరానికి ఎక్కిస్తే యీ జబ్బుకు పని చేయదు. సూదిమందు అయితేనే గట్టిదని పట్టుబట్టే మనవాళ్ళు యీ సంగతి గుర్తుంచుకోవాలి.