బ్యాటరీ కుర్చీకి మారవలసిన వేళ

చక్రాల కుర్చీ మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ఇళ్లకు కొత్త వస్తువేమీ కాదు. బాల్యంలో పోలియో సోకినవారు, పత్తి బోరేల లోడు మీదనుంచో మిద్దె మీదనుంచో జారిపడి వెన్నుపాము దెబ్బతిన్నవారు, రహదారి ప్రమాదాలకు గురైనవారు, పక్షవాతం వచ్చినవారు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. వీరిలో చాలామంది ఏళ్ల తరబడి తమ చేతుల బలంతోనే చక్రాలు తిప్పుకుంటూ బ్రతుకు సాగిస్తున్నారు. అలాంటి ఇళ్లలో ఏదో ఒకనాడు ఈ ప్రశ్న తలెత్తుతుంది: ఇంకా ఈ కుర్చీతోనే నెట్టుకురావాలా, బ్యాటరీ కుర్చీకి మారాలా?

దీనికి సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. "చేతులు ఆడుతున్నంత కాలం మోటారు ఎందుకు? అది ఎక్కితే ఉన్న బలం కూడా పోతుంది" అని కొందరు పెద్దలంటారు. "ఎవరో దాత ఇస్తామంటున్నారు, వచ్చినప్పుడే తీసుకుందాం" అని మరికొందరంటారు. మొదటివారు ఆలస్యం చేస్తారు, రెండోవారు తొందరపడతారు. కుర్చీలో కూర్చున్న మనిషి రోజు ఎలా గడుస్తున్నదో ఇద్దరూ అడగరు. మా దృష్టిలో ఈ నిర్ణయానికి అసలు కొలత ఆ రోజే.

భుజమే కాలైన చోట

మన తుంటి కీలు శరీర బరువు మోయడానికి తగినట్లుగా లోతైన గుంటలో అమరి ఉంటుంది. భుజం కీలు అలాంటిది కాదు. చేయి అన్ని వైపులా తిరగడానికి వీలుగా దాని గుంట లోతు తక్కువ. బరువు మోయడం దాని పని కాదు. నడవలేని మనిషి విషయంలో ఆ భుజమే కాలి పని కూడా చేయవలసి వస్తుంది. చక్రం తిప్పాలన్నా, మంచం మీదనుంచి కుర్చీలోకి మారాలన్నా, మరుగుదొడ్డికి, స్నానానికి, వుజూకు వెళ్లాలన్నా రెండు చేతుల మీద శరీరాన్ని ఎత్తుకోవలసిందే.

కాలికి దెబ్బ తగిలితే మనం నెల రోజులు మంచాన ఉండి విశ్రాంతి ఇస్తాం. వీరి భుజానికి ఆ విశ్రాంతి ఎక్కడ? భుజం పాడైతే బజారుకు వెళ్లడం ఒక్కటే ఆగదు. మంచం దిగడమూ ఆగుతుంది. దూది ఏకే వృత్తి ఎరిగిన మన నూర్‌బాషా కుటుంబాల పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే కదలికను రోజుకు వేలసార్లు చేసే చేయి ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. వెన్నుపాము దెబ్బతిన్నవారి చేతులను కాపాడటంపై అమెరికా వైద్య నిపుణులు 2005లో వెలువరించిన మార్గదర్శకాల సారాంశం కూడా ఇదే: చేతులపై పడే శ్రమను, అది పడే సార్లను తగ్గించాలి, ముప్పు ఎక్కువగా ఉన్నవారి విషయంలో మోటారు కుర్చీని ముందుగానే ఆలోచించాలి.

పోలియో బాధితులకు మరో ప్రత్యేక జాగ్రత్త అవసరం. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. అంతకు ముందరి దశాబ్దాల్లో ఆ వ్యాధి సోకినవారు నేడు మధ్యవయసు దాటుతున్నారు. వారిలో కొందరికి ఎన్నో ఏళ్ల తర్వాత కొత్తగా నీరసం, కండరాల బలహీనత, నొప్పి మొదలవుతాయి. అలాంటివారిని "ఇంకా గట్టిగా కష్టపడితే బలం వస్తుంది" అని ప్రోత్సహించడం మేలు చేయదు. అతి శ్రమ వల్ల ఉన్న బలం కూడా తగ్గిపోవచ్చు.

గమనించవలసిన గుర్తులు

రాత్రి ఒక పక్కకు తిరిగి పడుకుంటే భుజం నొప్పి పుట్టడం, చేయి పైకెత్తి అలమరలోని వస్తువు అందుకోలేకపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం శరీరం ఇచ్చే హెచ్చరికలు. ఒక గంట బయటికి వెళ్లి వస్తే మిగతా రోజంతా మంచానికే పరిమితం కావడం మరో హెచ్చరిక.

వీటికంటే నెమ్మదిగా, ఎవరికీ కనబడకుండా వచ్చే గుర్తు ఇంకొకటి ఉంది. మనిషి తన తిరుగుడును తానే కుదించుకుంటాడు. మొదట పొరుగూరి పెళ్లి మానుకుంటాడు, తర్వాత బజారు, ఆ తర్వాత జుమా నమాజు. అడిగితే "ఓపిక లేదులే" అంటాడు. ఇంట్లోవారు అది వయసు ప్రభావమనుకుంటారు. ఎక్కడికి వెళ్లాలన్నా కొడుకో తమ్ముడో పొలం నుంచి వచ్చి నెట్టేదాకా ఎదురుచూడటం అలవాటైపోతుంది. ఇది కనిపించిందంటే వేళ వచ్చిందన్నమాటే.

రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో రాసి చూడండి. ఎక్కడికి వెళ్లాలనుకున్నారు, ఎక్కడికి వెళ్లారు, ఏది మానుకున్నారు, ఎంత నొప్పి కలిగింది? వైద్యుని వద్దకు, ఫిజియోథెరపిస్టు వద్దకు ఆ పుస్తకాన్ని తీసుకువెళ్లండి. కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధులున్నవారు మాత్రం ఇంకా ముందే ప్రయత్నం మొదలుపెట్టాలి. ధ్రువపత్రాలకు, దరఖాస్తులకు పట్టే కాలం వారి చేతుల కోసం ఆగదు.

మారకముందు ఒకసారి

కొన్నిసార్లు లోపం చేతిలో కాక కుర్చీలో ఉంటుంది. శిబిరాల్లో పంచే మడత కుర్చీలు బరువైనవి, అందరికీ ఒకే కొలతవి. సీటు మరీ వెడల్పైతే చేతులు పక్కలకు చాచి తిప్పవలసి వస్తుంది. చక్రం ఇరుసు మరీ వెనుక ఉంటే ప్రతి నెట్టుకూ భుజం శ్రమిస్తుంది. గాలి తగ్గిన టైరు, తుప్పుపట్టిన బేరింగు శ్రమను మరింత పెంచుతాయి. ముందు వీటిని సరిచేయించాలి.

మధ్యేమార్గాలు కూడా ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ పరిశోధనల నుంచి వెలువడిన నియోఫ్లై మనిషి కొలతకు తగినట్లు అమర్చుకునే చేతి కుర్చీ. దాని ముందు భాగాన తగిలించుకునే మోటారు బండి నియోబోల్ట్. ఇవి 2020లో మార్కెట్‌లోకి వచ్చాయి. రోడ్డు మీద మోటారుతో వెళ్లి, ఇంటికి రాగానే దాన్ని విడదీసి చేతులతో తిరగవచ్చు. 2025లో అదే సంస్థ సుమారు 9 కిలోల బరువుండే తేలికపాటి కుర్చీని కూడా పరిచయం చేసింది. భుజాలు బాగుండి, దూరాలు మాత్రమే భారమైనవారు పూర్తి బ్యాటరీ కుర్చీకి ముందు వీటిని పరిశీలించాలి.

మన నేల, మన గడప

బ్యాటరీ కుర్చీ ఇంటికి వచ్చాక మూలనపడటానికి కారణం తరచుగా ముందు కొలత తీసుకోకపోవడమే. మనది నల్లరేగడి నేల. వాన పడితే మట్టి చక్రాలకు ముద్దలుగా అంటుకుంటుంది; సన్నని ముందు చక్రాలు దిగబడతాయి. చేతి కుర్చీ దిగబడితే ఒక్కరు లాగగలరు. బ్యాటరీలతో కలిపి అంతకు ఎన్నో రెట్లు బరువుండే కుర్చీ దిగబడితే నలుగురు కావాలి. చాలా రకాలు మడవడానికి రావు, ఆటోలో పట్టవు. అందుచేత తలుపు వెడల్పు, గడప ఎత్తు, మరుగుదొడ్డి మలుపు, ఇంటినుంచి సిమెంటు రోడ్డుదాకా ఉన్న బాట ముందే కొలవాలి.

మన ఎండలు బ్యాటరీకి శత్రువులు. వేసవిలో కుర్చీని ఎండలో నిలిపితే దాని ఆయుష్షు తగ్గుతుంది. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి: కొత్త బ్యాటరీ వెల ఎంత, ఎంతకాలానికి మార్చాలి, బాగుచేసేవారు గుంటూరులోనో ఒంగోలులోనో ఉన్నారా? పాత చేతి కుర్చీని మాత్రం ఎవరికీ ఇచ్చివేయకండి. కరెంటు లేనినాడు, మరమ్మతునాడు, ప్రయాణమప్పుడు అదే ఆధారం.

బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి వేరు, బ్యాటరీ కుర్చీ వేరు. మొదటిది పొలానికి, దుకాణానికి, మిర్చి యార్డుకు వెళ్లడానికి పనికివస్తుంది కాని ఇంటి గదుల్లో తిరగదు. ఏది అవసరమో తేల్చుకోకుండా దరఖాస్తు చేయరాదు. 1981 నుంచి అమలులో ఉన్న కేంద్ర ప్రభుత్వ 'ఏడీఐపీ' పథకం కింద తీవ్ర వైకల్యం గల 16 ఏళ్లు నిండినవారికి, ఆదాయ పరిమితికి లోబడి ఇలాంటి వాహనాలు అందుతాయి. కాన్పూరులోని అలింకో సంస్థ వీటిని తయారుచేసి శిబిరాల ద్వారా పంపిణీ చేస్తుంది. ఒకసారి తీసుకుంటే కొన్నేళ్లదాకా మళ్లీ అర్హత ఉండదు. ఉచితంగా వచ్చిందని పనికిరానిది తీసుకోవడం ఇందుకే నష్టం. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000 రూపాయలు. అందులోనుంచి నెలకు కొంత బ్యాటరీ కోసం తీసిపెట్టుకోవడం మంచిది.

రమజాన్‌లో కుర్చీలు పంచే సోదరులకు ఒక మనవి. కొనేముందు ఆ మనిషిని కలిసి అడగండి. జకాత్ సొమ్ముతో ఇచ్చేదైతే అది అర్హుని స్వంతమయ్యేలా ఇవ్వండి. వివరాలకు మీ ఊరి ఆలిమ్‌ను సంప్రదించండి. మస్జిద్ కమిటీలు కూడా తమ మెట్లవైపు ఒకసారి చూడాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవైన వాలుబాట కావాలి; అంతకంటే నిటారుగా ఉంటే బ్యాటరీ కుర్చీకి కూడా ప్రమాదమే.

ఎవరి నిర్ణయం?

మోటారు కుర్చీ ఓటమికి గుర్తన్న భావన చాలామందిలో ఉంది. దానికి ఒక చారిత్రక కారణం కూడా ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో చేతులు, కాళ్లు రెండూ చచ్చుబడిన సైనికుల కోసం కెనడా ఇంజనీరు జార్జ్ క్లైన్ దీన్ని రూపొందించాడు. అందుకే ఇది అన్నీ కోల్పోయినవారిదే అనిపిస్తుంది. నేడు ఉన్నదాన్ని కాపాడుకోవడానికి కూడా దీన్ని వాడుతున్నారు. నెట్టడానికి ఖర్చయ్యే బలాన్ని మంచం దిగడానికి, బిడ్డను ఎత్తుకోవడానికి, కుట్టుమిషను మీద పనికి మిగుల్చుకోవచ్చు.

ఈ విషయంలో స్త్రీలకు అన్యాయం జరుగుతున్నదని చెప్పక తప్పదు. "ఆడపిల్లకు బ్యాటరీ కుర్చీ ఎందుకు, ఎక్కడికి వెళ్లాలి?" అంటారు. వంటింటికి వెళ్లాలి, నీళ్ల కుండ దగ్గరికి వెళ్లాలి, కాలేజీకి, దర్స్‌కు, పక్కింటి పరామర్శకు వెళ్లాలి. గ్లాసు నీళ్ల కోసం కూడా ఒకరిని పిలవవలసిన బాధ ఆమెకే తెలుసు. అంధులైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)ను దైవప్రవక్త (స) ఇంటిపట్టున కూర్చోబెట్టలేదు. ఆయన్ను ముఅజ్జిన్‌గా నియమించారు. తాము ప్రయాణమైనప్పుడు మదీనా బాధ్యతను సైతం అప్పగించారు. శరీర లోపం గల మనిషి సమాజం మధ్య ఉండాలన్న పాఠం మన ఇళ్లలో పాతదే. ఆచరణే మిగిలి ఉంది.

కాబట్టి ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు దాతను, బంధువును అడగకముందే కుర్చీలో కూర్చున్న వారిని అడగండి: "మీరు ఎక్కడికి వెళ్లడం మానుకున్నారు?" ఆ జాబితా పెరుగుతున్నదని తెలిస్తే కొలతలు తీయడం మొదలుపెట్టండి. మన ఇళ్లలోని ప్రతి ఒక్కరికీ గౌరవంతో కదలగలిగే వీలును అల్లాహ్ ప్రసాదించుగాక, ఆమీన్.