పరుగు వార్త చదవాలంటే

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా అది రికార్డుగా లెక్కకు రాలేదు. వెనకనుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు; నిబంధన ఒప్పుకునేది 2.0 వరకే. దీన్నే ‘విండ్ అసిస్టెడ్’ అంటారు. ఆ సంగతి తెలియని పాఠకుడికి ఇది పట్టపగలు అన్యాయంలా కనిపిస్తుంది. (తెలిసినా మనసు చివుక్కుమంటుందనుకోండి.) మరుసటి నెలలోనే సైప్రస్‌లో 13.23తో ఆమె ఆ రికార్డు అందుకుంది.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ‘ఫాల్స్ స్టార్ట్’ గొడవా అంతే. తుపాకీ మోగకముందే కదిలిన చైనా క్రీడాకారిణిని చివరికి అనర్హురాలిగా తేల్చడంతో జ్యోతి కాంస్యం రజతమైంది.

ఈ సంచికలో అథ్లెటిక్స్ ఇంగ్లీషు మాటలకు వివరణలిస్తున్నాం. హీట్, ల్యాప్, బ్యాటన్‌లను బలవంతంగా తెలుగు చేయలేదు. మైదానంలో పిల్లలు వాడేవి అవే. వాటి వెనకున్న నియమాన్ని మాత్రం తెలుగులో విప్పి చెప్పాం. టీ20 అంటే ఇక్కడ క్రికెట్ కాదు, పారా అథ్లెటిక్స్‌లో మేధోవైకల్యం ఉన్నవారి విభాగం. వరంగల్ జిల్లా జీవాంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది అందులోనే.

మీ గ్రౌండులో వినిపించే మాట ఏదైనా ఇందులో లేకపోతే మాకు రాయండి.