త్రీడీ డిజైన్ కోర్సులు: ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సినవి

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు కాగితం మీద గీతల ప్లాన్ ఇప్పుడు ఆనడం లేదు. ఎలివేషన్ ఎట్లా ఉంటుందో ఫోన్‌లో రంగులతో సహా చూపించమంటున్నారు. తాపీ పని, సెంట్రింగ్, టైల్స్, వెల్డింగ్ చేసేవాళ్లు మన ఇళ్లల్లో తక్కువేం కాదు. డిజైన్ గీసేవాళ్లే తక్కువ. చెమట మనది, డ్రాయింగ్ డబ్బు మాత్రం ఇంకొకరిది.

అందుకే పిల్లల్ని త్రీడీ కోర్సుల్లో చేర్చాలన్న ఆలోచన మంచిదే. దగ్గర్లోని అమరావతిలో 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. గల్ఫ్ సంగతి చూస్తే, దుబాయ్ మున్సిపాలిటీ 40 అంతస్తులు దాటిన, 3 లక్షల చదరపు అడుగులు మించిన భవనాలకు బిమ్ పద్ధతిని 2014లోనే తప్పనిసరి చేసింది. అక్కడికి మేస్త్రీగా వెళ్లే అబ్బాయికీ, రెవిట్ తెలిసి వెళ్లే అబ్బాయికీ జీతం ఒకటి కాదు.

అయితే అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకటే అనుకుని ఫీజు కట్టేస్తున్నారు. స్కెచ్‌అప్ తొందరగా వస్తుంది, బొమ్మ అందంగా చూపిస్తుంది. రెవిట్‌లో గోడ అంటే ఉత్త గీత కాదు. దాని మందం, ఎత్తు, మెటీరియల్ అన్నీ అందులోనే ఉంటాయి. ప్లాన్‌లో గోడ జరిపితే సెక్షన్, కొలతల లెక్క కూడా మారతాయి. ఎస్టిమేట్ వేయడం వచ్చినవాడికి అసలు విలువ ఇక్కడే.

ఇక ఖర్చు. గుర్తింపు ఉన్న కాలేజీల్లో చదివేవాళ్లకు ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే ఇస్తుంది, ఏటా రెన్యువల్ చేసుకోవాలి. అది నేర్చుకోవడానికే, సంపాదనకు వాడకూడదు. బ్లెండర్, ఫ్రీక్యాడ్ అయితే ఎవరికైనా, ఏ పనికైనా ఉచితం. క్రాక్ కాపీతో నేర్పే చోట వేలకు వేలు పోయడం దేనికి?

ఇంకోటి, కోర్సు సర్టిఫికెట్‌తో ఎవరూ ఆర్కిటెక్ట్ అయిపోరు. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. ఆ దారి కావాలంటే బీఆర్క్ చదవాలి, విజయవాడలో 2008 నుంచి ఎస్‌పీఏ ఉంది. అంత చదువు కుదరని ఇంట్లో, పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి, దాని మీద రెవిట్ నేర్చుకోవడం నయం. కొలతలు, పునాది, కడ్డీ అన్నీ అక్కడ తెలుస్తాయి. డెల్టా నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. స్క్రీన్ మీద ఇల్లు ఏ నేల మీదైనా నిలబడుతుంది మరి! మేస్త్రీ అయిన అబ్బాకు తెలిసిన ఆ సంగతి కోర్సులో ఎవరూ చెప్పరు.

ఆడపిల్లలకూ ఈ పని బాగా పనికొస్తుంది. డ్రాయింగ్‌లు ఇంటి దగ్గరే చేసి పంపొచ్చు. లాప్‌టాప్ కొనేటప్పుడు చూసుకోవాలి: రెవిట్ విండోస్ మీదే నడుస్తుంది, 16 జీబీ ర్యామ్ లేకపోతే ఇబ్బందే. అంత డబ్బు ఇప్పుడే లేకపోతే, ముందు ఉన్న కంప్యూటర్‌లో ఫ్రీక్యాడ్‌తో మొదలుపెట్టి, సొంత ఇంటినే కొలిచి గీయించి చూడాలి.