ఇంటి కథ దాచుకోమని చెప్పకండి

బాసర ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలకు చివరి ఏడు వచ్చేసరికి నలువైపుల నుంచీ ఒకే సలహా అందుతుంది. ఇంటర్వ్యూలో సర్కారు బడి ఊసెత్తకు, తెలుగు మీడియం అనకు, అమ్మ బీడీలు చుడుతుందనీ నాయన దుబాయిలో కూలికి పోయాడనీ అసలే చెప్పకు. కోచింగ్ ఇచ్చేవాళ్లు ఈ మాటే అంటారు, సీనియర్లూ అంటారు, చుట్టాల్లో ముందు ఇంజినీరైన అన్నా అంటాడు. వాళ్లందరూ పిల్లల మేలు కోరేవాళ్లే, కాదనను. సలహా మాత్రం తప్పు.

2008లో ఆ చదువుల నెలవును పల్లె పిల్లల కోసమే పెట్టారు. పదో తరగతి ఫలితాలు చూసి ఆరేళ్ల చదువుకు తీసుకుంటారు. సర్కారు బడి పిల్లల గ్రేడుకు 0.4 పాయింట్లు అదనంగా కలుపుతూ వచ్చారు. జాలిపడి కలిపినవి కావవి. ట్యూషన్ ముఖం చూడకుండా తెచ్చుకున్న గ్రేడునూ, వేలకు వేలు ఫీజు కట్టి తెచ్చుకున్న గ్రేడునూ ఒక్క గాటన కట్టడం న్యాయం కాదని కలిపారు. ఏ కథను లెక్కలోకి తీసుకుని పిల్లల్ని లోపలికి రానిచ్చారో, ఆ కథనే బయటికొచ్చేటప్పుడు దాచేయమంటున్నాం. ఇదెక్కడి న్యాయం?

‘అయ్యో పాపం అనిపించుకోవడానికా చెప్పుకోవడం?’ అని ఎదురడుగుతారు. నిర్మల్, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో బీడీలు చుట్టే ఇంటి అరుగు మీద ఓ పూట కూర్చుంటే ఈ ప్రశ్న రాదు. ఒళ్లో చాట పెట్టుకుని, నానిన తునికాకును రేకు కొలతకు కత్తిరించి, పొగాకు సమంగా పరిచి, చుట్టి, కొన మడిచి దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్క. పొగాకు తక్కువైనా, ఆకు చిరిగినా కార్ఖానాలో తీసి పక్కన పడేస్తారు, ఆ కష్టం పోయినట్టే. బడి నుంచి వచ్చి తల్లి పక్కన కట్టలు లెక్కపెట్టి, ఎన్ని తీసేశారో నోటుబుక్కులో రాసిపెట్టిన అమ్మాయికి నాణ్యత అంటే ఏమిటో, ఒక తప్పుకు నష్టపోయేదెవరో పుస్తకంలో చదవకముందే తెలుసు. అలాంటి పిల్ల చేత ‘కష్టపడి పనిచేస్తాను, నలుగురితో కలిసిపోతాను’ అని బట్టీ పట్టిస్తున్నాం. ముందు వచ్చినవాడు అదే అన్నాడు, తర్వాత వచ్చేవాడూ అదే అంటాడు. ఇక ఆ పిల్లను గుర్తుపెట్టుకునేదెలా?

ఇంటి కథ దాచుకోనివాళ్లూ ఉన్నారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగపల్లిలో మూలాలున్న వై.బి. సత్యనారాయణ కెమిస్ట్రీ ప్రొఫెసరుగా పనిచేశారు. మాదిగ కుటుంబం. పూర్వికుడు కుట్టిచ్చిన చెప్పులకు మెచ్చి నిజాం 50 ఎకరాలిస్తే, ఊరి దొర దక్కనిచ్చింది 2 ఎకరాలే. రైల్వేలో చిన్న కొలువు చేస్తూ పిల్లల్ని చదివించిన తండ్రి గురించి ఆయన 2011లో ‘మై ఫాదర్ బాలయ్య’ రాశారు. కెమిస్ట్రీ ప్రొఫెసర్లు దేశంలో ఎందరో ఉన్నారు. ఆ పుస్తకం రాయగలిగింది మాత్రం ఆయనొక్కరే. దాచుకుని ఉంటే మనకు ఆ చరిత్ర దక్కేదా?

సొంత మాటకున్న బలం బాసర పిల్లలకూ తెలియనిది కాదు. 2022 జూన్‌లో వారం పాటు ఎండకూ వానకూ ఓర్చి గేటు దగ్గర నిరసనగా కూర్చున్నప్పుడు వాళ్లు అరువు మాటలు మాట్లాడలేదు. మెస్సులో తింటున్న తిండి గురించి, రెగ్యులర్ వైస్ చాన్సలర్ లేకపోవడం గురించి చెప్పారు. రాష్ట్రమంతా విన్నది, చివరికి విద్యామంత్రే వచ్చి మాట్లాడాల్సి వచ్చింది.

కథ ఉంటే చాలు, చదువు అక్కర్లేదని నేననడం లేదు. ప్రోగ్రాం రాయడం రానివాడికి ఏ కథా కొలువు ఇప్పించదు. లేని కన్నీళ్లు కలిపి చెప్పడం ఇంకా తప్పు, అది కన్నవాళ్లను అమ్ముకోవడమే. ఉన్నది ఉన్నట్టు, తలెత్తి చెప్పమంటున్నాను.

కోచింగ్ ఇచ్చే అయ్యవార్లకు ఒక విన్నపం. అందరికీ ఒకటే పరిచయం రాసివ్వడం ఈ ఏటి నుంచి మానండి. మీ ఇంట్లో ఏం పని చేస్తారు, అందులో నీ చెయ్యి ఎంత అని ముందు అడగండి. ఓపిగ్గా వినండి. ఆ మాటనే ఇంగ్లిషులో తడబడకుండా చెప్పడం నేర్పండి.