భార్యలే విలన్లా?

'సేవ్ ద టైగర్స్' హాస్య సీరీస్ గురించి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మహిళల సమావేశాల్లోనూ వాదనలు విన్నాను. 2023లో వచ్చిన మొదటి భాగం, ముగ్గురు భర్తలు నటి హంసలేఖ కనబడకుండా పోయిన కేసులో చిక్కుకోవడంతో ముగిసింది. 2024 నాటి రెండో భాగంలో భార్యలు వాళ్లను అనుమానిస్తారు. దాంతో భార్యలు విలన్లయ్యారని కొందరు, అనుమానానికి కారణం భర్తల అబద్ధాలేనని మరికొందరు.

నా అభ్యంతరం నవ్వు మీద కాదు. ఇక్కడ పులులు భర్తలు, కాపాడవలసింది వాళ్లనే! రేఖ లాయరు, మాధురి డాక్టరు. సంపాదించే ఆడది ప్రశ్నిస్తే వేధింపు, మగవాడు అబద్ధమాడితే తమాషా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి 29 మంది భర్త చేతిలో హింసను అనుభవించారు. 2005లో గృహహింస చట్టం వచ్చింది. అయినా స్టేషన్ మెట్లెక్కిన స్త్రీనే 'మొగుణ్ణి బజారుకీడ్చింది' అంటారు. ఇటువంటి హాస్యం ఆ మాటకు బలమిస్తుంది.

అందుకే సీరీస్‌ను నిషేధించమనడం కంటే, సంఘాల్లో కలిసి చూసి, ఎవర్ని చూసి నవ్వుతున్నామో చర్చించుకుందాం. ఆ చర్చకు మగవాళ్లనూ పిలుద్దాం.