గోటితో పోయేదానికి టర్బో మార్చాలా?

మెకానిక్ కొత్త పార్టు చేతిలో పెడితే మనం డబ్బులిస్తాం. అదే మెకానిక్ రెండు గంటలు ఇంజన్ ముందు నిలబడి, వెతికి, "పార్టు మార్చక్కర్లేదు" అంటే మాత్రం ఇవ్వబుద్ధి కాదు. "ఊరికే చూసినందుకు డబ్బులేంటి?" అంటాం. ఈ ఒక్క అలవాటు వల్లే మనం బాగున్న పార్టుల్ని కూడా తుక్కులో వేయించుకుంటున్నామని నా అభిప్రాయం. మెకానికల్ వాళ్ల గొడవ మనకెందుకులే అని సీఎస్ఈ వాళ్లు స్క్రోల్ చేసేయొద్దు. డీబగ్గింగ్ అంటే ఏంటో తెలిసిన ప్రతివాళ్లకీ సంబంధించిన విషయమే ఇది.

కారు టర్బోచార్జర్ దగ్గర కారే ఆయిల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. బోనెట్ ఎత్తగానే టర్బో చుట్టూ నల్లగా జిడ్డు కనబడుతుంది, లేదా సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. చాలాచోట్ల వెంటనే వచ్చే తీర్పు ఒకటే: "టర్బో పోయింది సార్." నిజంగా పోయిందా లేదా అన్నది చెప్పాలంటే ముందు టర్బో లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. సూత్రం సింపుల్. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే షాఫ్ట్ మీద రెండో చివర ఉన్న ఇంకో చక్రం గాలిని ఇంజన్‌లోకి నొక్కుతుంది. కారు టర్బోలో ఆ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అంత వేగంలో ఇనుము ఇనుముకి తగిలితే క్షణాల్లో కథ ముగుస్తుంది. అందుకే చాలా టర్బోల్లో షాఫ్ట్ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. సన్నటి పైపులో ప్రెషర్‌తో వచ్చిన ఆయిల్ బేరింగుల్ని తడిపి, నురగలా మారి, కింద ఉన్న లావు పైపులోంచి సంప్‌లోకి, అంటే షెడ్డు భాషలో చాంబర్‌లోకి పడిపోతుంది. ఆ కిందకి పడటానికి పంపు లేదు. గురుత్వాకర్షణే దిక్కు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. షాఫ్ట్ రెండు చివర్లా ఉండేవి కుళాయి వాషర్లాంటి రబ్బరు సీళ్లు కావు. పిస్టన్ రింగులాంటి చిన్న లోహపు రింగులు. అవి ఆయిల్‌ని పూర్తిగా బిగించి ఆపలేవు. చక్రాల వైపు గాలి ఒత్తిడి ఎక్కువ, మధ్యలో తక్కువ ఉన్నంతసేపే ఆయిల్ హద్దు దాటకుండా ఉంటుంది. ఆ తేడా తలకిందులైతే కొత్త టర్బో అయినా కక్కుతుంది. అలుగు పూడిపోయి చెరువు కట్ట మీదుగా నీళ్లు పొర్లుతుంటే కట్టని తిట్టి లాభమేముంది?

మా బాబాయి కారు కథ సరిగ్గా ఇదే. విజయవాడలో ట్యాక్సీ నడుపుతాడు. డీజిల్ బండి, లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలితే నీలం పొగ. వెయ్యి కిలోమీటర్లకి దాదాపు లీటర్ ఆయిల్ తాగేది. చూపించిన షెడ్డులో పది నిమిషాల్లో తేల్చేశారు: టర్బో మార్చాలి, 45 వేలు. బండి మీద ఇంకా ఈఎంఐ ఉంది. ముందున్నది పెళ్లిళ్ల సీజన్. ఆ 45 వేలంటే పిల్లల ఫీజు ఆపడం, లేదా ఇంకో అప్పు.

ఆటోనగర్‌లో ఇంకో పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదట పానా పట్టుకోలేదు. టర్బో చుట్టూ శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, బండి కాసేపు నడిపి తెమ్మన్నాడు. పై నుంచి, అంటే వాల్వ్ కవర్ ప్యాకింగ్ దగ్గర్నుంచి ఆయిల్ జారట్లేదని చూసుకున్నాడు. తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే, అది గంజి ఉడికేటప్పుడు గిన్నె మీద మూతలా ఎగిరెగిరి పడింది. అప్పుడు ఆయన అన్న మాట నాకు ఏ టెక్స్ట్‌బుక్కులోనూ దొరకలేదు: "బాబూ, టర్బో ఆయిల్ పుట్టించదు. వచ్చింది కిందకి పోతే దానికి చాలు. ఇక్కడ కింద చోటు లేదు."

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంచెం గ్యాస్ చాంబర్‌లోకి దిగడం ప్రతి ఇంజన్‌లోనూ మామూలే. అది బ్రీదర్ పైపు ద్వారా బయటపడాలి. ఆ బండిలో బ్రీదర్ దారి మడ్డితో దాదాపు మూసుకుపోయింది. గ్యాస్ లోపలే పేరుకుని ఒత్తిడి పెరిగింది, టర్బో నుంచి దిగాల్సిన ఆయిల్‌ని అది పైకి నెట్టింది. దిగడానికి దారి లేని ఆయిల్ సీళ్లు దాటి పొగగొట్టంలోకి పోయింది. గాలి పైపు విప్పి షాఫ్ట్ పట్టుకుని చూస్తే ముందుకీ వెనక్కీ ఆట లేదు, రెక్కలు గోడకి రాసుకున్న గుర్తులూ లేవు. టర్బో నిక్షేపంలా ఉంది. బ్రీదర్ శుభ్రం చేసి, పైపు మార్చి, మళ్లీ అదే మూత పరీక్ష చేశాడు. ఈసారి మూత కుదురుగా కూర్చుంది. అంటే రింగులు అరిగి ఇంజన్ బోరుకొచ్చిందేమో అన్న భయం కూడా తీరింది. ఆయిల్, ఫిల్టర్లతో కలిపి ఖర్చు 4 వేల లోపే. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చే పని తప్పింది.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. ఆయన వెతికినందుకు 800 అడిగితే బాబాయి బేరమాడాడు! నలభై వేలు మిగిల్చిన మనిషితో ఎనిమిది వందల కోసం బేరం. బాబాయిని తప్పుపట్టట్లేదు, మనందరం అంతే. కొత్త టర్బో పెట్టెలో మెరుస్తూ వస్తుంది, గ్యారంటీ కార్డు ఉంటుంది, చేతికి బరువుగా తగులుతుంది. ఆలోచనకి పెట్టె లేదు.

మొదటి షెడ్డు వాళ్లని మోసగాళ్లని నేను అనను. వాళ్ల వైపు నుంచి చూడండి. రెండు గంటలు వెతికితే రూపాయి రాదు, పార్టు మారిస్తే మార్జిన్ వస్తుంది. పైగా ట్యాక్సీ వాళ్లు "సాయంత్రానికి బండి కావాలి" అని కూర్చుంటారు. వెతకడానికి మనం విలువ కట్టనప్పుడు వాళ్లు వెతకడం మానేస్తారు, అంతే. మారిస్తే పొగ ఆగిపోతుందిగా అనొచ్చు. ఆగదు. బ్రీదర్ అలాగే ఉంటే కొత్త టర్బో కూడా అదే రకంగా ఆయిల్ వదులుతుంది. అప్పుడు "మీకు డూప్లికేట్ వచ్చినట్టుంది" అని ఇంకొకటి తెప్పిస్తారు.

అలాగని టర్బో ఎప్పుడూ అమాయకురాలే అనీ కాదు. షాఫ్ట్ పక్కలకి కొద్దిగా కదిలితే కంగారు పడక్కర్లేదు, ఆయిల్ పొర కోసం ఆ మాత్రం ఖాళీ ఉండాల్సిందే. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేంత ఆట ఉన్నా, రెక్కలు విరిగినా, గోడకి రాసుకున్నా మార్చాల్సిందే. అప్పుడు కూడా "ఎందుకు పోయింది?" అనే ప్రశ్న వదలకూడదు. ఆయిల్ టైముకి మార్చలేదా? వేడికి సన్నపైపులో ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడిందా? ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి కంప్రెసర్ వైపు ఆయిల్‌ని లాగుతోందా? కిందికి దిగే పైపు ప్యాకింగ్‌కి ఎవరో ట్యూబులోని లిక్విడ్ ప్యాకింగ్ దట్టంగా పూస్తే, అది లోపలికి ఉబ్బి దారికి అడ్డం పడిందా? కారణం తీసేశాకే కొత్తది బిగించాలి. రాగి వాషర్లు కొత్తవి వేయాలి, స్టార్ట్ చేసే ముందే బేరింగులోకి శుభ్రమైన ఆయిల్ పోయాలి. లేకపోతే మొదటి కొన్ని క్షణాలు అది ఎండుగా తిరుగుతుంది.

లీకు ఉన్న బండిని "తర్వాత చూద్దాంలే" అని తిప్పడం మాత్రం వద్దు. కాలిపోతున్న ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడితే నిప్పు అంటుకోవచ్చు. డీజిల్ ఇంజన్ అయితే ఇంకో ప్రమాదం ఉంది. టర్బో వదిలిన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే అవకాశం ఉంది. ఇంట్లో కారున్న వాళ్లు నాన్నకో మావయ్యకో ఈ ఒక్క ముక్కయినా చెప్పండి.

ఇక మన సంగతి. ఐసీ ఇంజన్స్ ల్యాబులో మనం చేసేదేంటి? బాగా నడిచే ఇంజన్ మీద రీడింగులు తీసుకుని, సీనియర్ల రికార్డుతో సరిచూసుకుని, సంతకం పెట్టించుకోవడం. వైవాలో "టర్బోచార్జర్ భాగాలు చెప్పు" అంటారు. "ఇది ఆయిల్ కారుస్తోంది, ఎందుకో కనిపెట్టు" అని ఎవరూ అడగరు. నా డిమాండ్ చిన్నది: సెమిస్టర్‌కి ఒక్కసారి, బ్రీదర్‌కి గుడ్డ కుక్కిన ఇంజనో, ఫిల్టర్ మూసుకుపోయిన ఇంజనో మన ముందు పెట్టండి. పార్టు పేరు చెప్తే సగం మార్కులు, కారణం రుజువుతో చూపిస్తే మిగతా సగం. ఆటోనగర్ పెద్దాయన లాంటి వాళ్లని గెస్ట్ లెక్చర్‌కి పిలిచి, రెమ్యునరేషన్ కూడా ఇవ్వండి. శాలువాతో సరిపెట్టొద్దు.

అంతవరకూ మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఎవరైనా "టర్బో పోయింది" అంటే మూడు ప్రశ్నలు అడగండి: ఆయిల్ మొదలయ్యేది ఎక్కడ? కడిగి చూశారా? బ్రీదర్, డ్రెయిన్ పైపు విప్పారా? ఆ మూడింటికీ ఓపిగ్గా జవాబు వెతికిపెట్టిన మనిషి అడిగినంత, బేరమాడకుండా ఇచ్చేయండి.